నాలుగో నంబరు మిషను

ఆదోని,
10 జూన్ 2024

వెంకటేశ్వరమ్మకు,

అమ్మ కర్మాంతరం రోజు భోజనాల దగ్గర మాటా మాటా అనుకొని విడిపోయి పదకొండేళ్ళయింది. అప్పటినుంచి నేను ఎమ్మిగనూరు బస్సు ఎక్కలేదు, నువ్వు ఆదోనిలో బస్సు దిగలేదు. ముప్పై కిలోమీటర్ల దూరానికి ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. ఫోనులో నాకు సరిగా వినబడదు. పైగా ఫోనులో అన్న మాటను నువ్వు రేపు అనలేదంటే చూపించడానికి నా దగ్గర కాగితం ఉండదు.

సంగతి ఇది. సాయినాథ్ అని నా దగ్గర టైపు నేర్చుకొని లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసైన పిల్లవాడు ఇక్కడ ఆఫ్‌సెట్ ప్రెస్సు పెట్టుకున్నాడు. పిల్లవాడంటే ఇప్పుడు యాభై దాటాడు. సెప్టెంబరులో నా పాత విద్యార్థులంతా ఒకచోట కలుస్తారట. ఆ రోజుకు నా ఎడమచేతి మాటలను చిన్న పుస్తకంగా వేస్తానన్నాడు. ఇన్‌స్టిట్యూట్ మూసి ఇరవై ఏళ్ళయ్యాక నన్ను అడిగిన మొదటి మనిషి వాడే.

నీకు అన్నీ గుర్తుండే ఉంటాయి. మార్కెట్ యార్డు ఎదురుగా పత్తి కొట్టు మేడ మీద మన గది. కింద పత్తి బోరాలు దించుతుంటే పైన మిషన్ల మీద పింజలు వాలేవి. పొద్దున్నే నువ్వు కోడి ఈకతో కీల సందుల్లోంచి వాటిని తీసేదానివి. నాలుగు టైపు మిషన్లు. నాలుగోది మెట్ల మీద హమాలీ చేయి జారి పడి, కుడివైపు కీలన్నీ వంగి బిగుసుకుపోయాయి. ఇంకొకడైతే పాత ఇనుముకు వేసేవాడు. నేను దాని ఎడమ సగాన్ని బతికించాను. టైపులో ఎడమచేతి వేళ్ళకు పదిహేను అక్షరాలు, కుడిచేతికి పదకొండు. ఆ పదిహేనుతోనే మొదలై వాటితోనే పూర్తయ్యే పొడుగు ఇంగ్లీషు మాటలు వెతికాను. స్టూవర్డెసెస్. రివర్బరేటెడ్. ఎగ్జాజరేటెడ్. వాటర్‌క్రెసెస్. చివరికి వాక్యాలు కూడా: ‘వియ్ రిగ్రెట్ ఎ గ్రేట్ వేస్ట్.’ కుడిచేయి ఒళ్ళో పెట్టుకొని కొట్టవచ్చు. ఏడాదిలో నాలుగు వందల పైచిలుకు మాటలు.

టైప్‌రైటర్ అన్న మాట పైవరస అక్షరాలతోనే వస్తుందనీ, ప్రొప్రైటర్ కూడా అంతేననీ కాలేజీ ఇంగ్లీషు లెక్చరరుకు ఒకసారి చూపించాను. “దీనివల్ల ఏం లాభం శంకరన్నా” అన్నాడు. ఆయన ముప్పై ఏళ్ళు ఒకే నోట్సు చదివి వినిపించి రిటైరయ్యాడు. ఆయన సంగతి ముందుమాటలో రాశాను. డిక్షనరీ ఇంటికివ్వనని బీరువాకు తాళం వేసుకున్న లైబ్రేరియన్ సంగతీ రాశాను. వాళ్ళిద్దరూ పోయారు. అయినా రాశాను.

మాటల నోటుబుక్కు నీ పెళ్ళప్పుడు నీ ట్రంకుపెట్టెలో వెళ్ళిపోయింది. ఈరన్న బావ దానితో పొయ్యి రాజేసి ఉంటాడని నా అనుమానం. అలా కాకపోతే వెంటనే పంపు. అదొక్కటే ప్రతి.

శంకరన్న,
ఒకప్పటి ప్రొప్రైటర్


ఎమ్మిగనూరు,
19 జూన్ 2024

అన్నకు,

ఉత్తరం అందింది. పోస్టుమ్యాను, “ఇన్‌ల్యాండు కవరు చూసి ఏండ్లయింది పెద్దమ్మా” అని దాన్ని తిప్పి తిప్పి చూసి నా చేతికిచ్చినాడు.

నోటుబుక్కు బాగానే ఉండాది. పొయ్యిలో పోలేదు. నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపిస్తే మగ్గం ఆపి, “మీ యన్నకు నా మింద ఎంత నమ్మకమో సూడు” అన్నాడు. కుట్లు ఊడిపోతే నలభై ఏండ్ల కిందట ఆయనే చీర మడత అట్ట పెట్టి నేత దారంతో కుట్టినాడు. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు ఆ మనిషికి. అయినా ఏ పేజీ కింద ఏ పేజీ రావాల్నో నన్ను అడిగి అడిగి కుట్టినాడు.

నీ చెవులు వినబడవని నాకు తెలియదు. మందులు వాడుతాండావా? ఒక్కనివే వండుకుంటాండావా, లేక హోటలు క్యారియరా? ఈడ వానలు రెండు పడినాయి. మన ఊరు గోనెగండ్ల పక్క విత్తనాలు వేస్తాండారంట.

నోటుబుక్కు పంపుతాను. కానీ ముందుమాటలో అందరి సంగతీ రాసినానంటివి. నా సంగతి ఏం రాసినావో అది పంపు మొదట. చూసినాక పంపుతాను.

వెంకటేశ్వరమ్మ


ఆదోని,
27 జూన్ 2024

వెంకటేశ్వరమ్మకు,

నీకు అనుమానం ఎక్కువని అమ్మ ఊరికే అనేది కాదు. నీ గురించి మంచే రాశాను. ఆ భాగం నా చేత్తోనే ఎత్తి రాస్తున్నాను.

‘ఈ మాటలన్నీ నేను నా చెల్లెలు వెంకటేశ్వరమ్మ కోసం సేకరించాను. పదో తరగతి అయ్యాక ఆమెను గోనెగండ్ల నుంచి ఆదోనికి తెచ్చి, ఫీజు లేకుండా ఒక మిషను పూర్తిగా ఆమెకే కేటాయించాను. ఆ రోజుల్లో మా నేత కుటుంబాల్లో ఆడపిల్లకు ఇంతమాత్రం ఎవరూ చేయలేదు. అయితే పెళ్ళి మాటలు మొదలై ఆమె మనసు చదువు మీద నిలవక 1974లో లోయరు పరీక్ష తప్పింది. ఆ విధంగా నా శ్రమ ఫలించకపోయినా మాటలు మిగిలాయి.’

ఇందులో కోపం తెచ్చుకోవలసింది ఏమైనా ఉందా? ఫెయిలైన సంగతి దాచడానికి వీల్లేదు, నా విద్యార్థులందరికీ తెలుసు. మనసు నిలవక అన్నానే గాని తెలివి లేక అనలేదు.

ఆ రోజులు తలుచుకుంటే ఈ ఊళ్ళో నాకు మిగిలినవి అవే అనిపిస్తుంది. మధ్యాహ్నం క్లాసుల మధ్య విరామంలో నువ్వు బొరుగుల ఉగ్గాని చేసి పళ్ళెం మిషను పక్కన పెడితే, నేను డిక్షనరీ తెరిచి మాట చెప్పేవాణ్ణి. నువ్వు ఎడమచేత్తో టకటకా కొట్టేదానివి. నలుగురు కొట్టేంత వేగం ఆ ఒక్క చేతికి ఉండేది. మన పత్తి కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణమైంది. మెట్లు మాత్రం అవే. నిన్న ఆ దారిన పోతూ ఆగితే దుకాణం కుర్రవాడు “ఏం కావాల తాతా” అన్నాడు. ఏం కావాలో చెప్పలేక వచ్చేశాను.

సాయినాథ్ తొందరపెడుతున్నాడు. రిజిస్టరు పోస్టులో పంపు.

శంకరన్న


ఎమ్మిగనూరు,
8 జూలై 2024

అన్నకు,

నీ ముందుమాట నాలుగుసార్లు చదివినాను. నాలుగోసారి చదివినాక కండ్లజోడు తీసి పక్కన పెట్టి, ఈ మనిషి మరిచిపోయి రాసినాడా, తెలిసి రాసినాడా అని ఆలోచన చేస్తా కూర్చున్నాను. మరిచిపోయినావనే అనుకుని రాస్తాండాను.

ఒక మిషను పూర్తిగా నాకే ఇచ్చినానంటివి. ఏ మిషను? నాలుగో నంబరు. దానికి కుడిపక్క లేదు. మొదటి మూడూ ఫీజు కట్టేవాళ్ళకు. నేను ఫీజు కట్టేదాన్ని కాదు. గది ఊడ్చేదాన్ని, రిబ్బన్లు మార్చేదాన్ని, నీకు వండేదాన్ని. అందుకని సంవత్సరం పొడుగునా నన్ను ఆ సగం మిషను కాడ కూర్చోబెట్టినావు. “అన్నా, నాకు కుడిచేయి ఎప్పుడు నేర్పుతావు” అని అడిగితే, “ముందు ఎడమది పండనీలే” అంటివి. పరీక్షకు వారం ముందర, ఫీజు కట్టే లక్ష్మీదేవి అన్నానికి పోయినప్పుడు ఆమె రెండో నంబరు మిషను మీద రోజుకు పావుగంట కూర్చోమన్నావు. అదీ నేను నేర్చుకున్న కుడిచేయి.

కర్నూలులో పరీక్ష హాలు నీవు చూడలేదు, బయట చెట్టు కింద ఉన్నావు. నేను చెప్తాను విను. గంట కొట్టినారు. పేపరు తిప్పినాను. మొదటి మాట ‘ది’. ఎడమచేయి ఒక అక్షరం కొట్టింది, రెండో అక్షరం కుడిచేతిది. ఆడ నా వేలు నిలబడిపోయింది. ఎక్కడుండాదో తెలుసు, వేలు పోదు. చుట్టూ నలభై మిషన్లు వాన కొట్టినట్టు మోగుతాండాయి, నాది ఒక్కటి కుంటుతాంది. సూపర్వైజరమ్మ వచ్చి “చేతికి దెబ్బ తగిలిందా పాపా” అని అడిగింది. తగిలిందని చెప్పినాను. ఏం చెప్పమంటావు?

ఇంక పెండ్లి మాట. నా పెండ్లి మాట వచ్చింది ఫలితాలు వచ్చినాక. ముందు కాదు. ఫెయిలైంది కాబట్టే, ఇంక టైపు ఎందుకు అని నాయన సంబంధం చూసినాడు. లక్ష్మీదేవి పాసై కోర్టులో టైపిస్టు అయింది. నేను నలభై తొమ్మిదేండ్లు మగ్గం మీద కూర్చున్నాను. మగ్గాన్ని తప్పు పట్టను, అది మా కడుపు నింపింది. మీ బావనూ తప్పు పట్టను.

ఇంకొక మాట. నోటుబుక్కు మొన్న తీసి ఎంచినాను. మొదటి పదకొండు పేజీలు నీ దస్తూరి. తర్వాత తొంభై మూడు పేజీలు నాది. నీవు క్లాసు చెప్తా ఉంటే ఆ మాటలు నేను వెతికి పెట్టినాను, ఆ సగం మిషను మీద ఇంకేం చేసేది? సాయంత్రం నీవు డిక్షనరీలో చూసి ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టినావు. టిక్కు పెట్టేది వెతికేది కాదు గదా.

నోటుబుక్కు ఇస్తాను. ముందుమాటలో ఆ పేరా తీసేసి, ఫీజు కట్టని పిల్ల కాబట్టి నా చెల్లెల్ని సగం మిషను కాడ కూర్చోబెట్టినాను అని రాయి. అది రాస్తేనే.

వెంకటేశ్వరమ్మ


ఆదోని,
15 జూలై 2024

వెంకటేశ్వరమ్మకు,

నీ ఉత్తరం చదివాక రెండు పూటలు అన్నం సహించలేదు. ఇది నువ్వు రాసింది కాదు. యాభై ఏళ్ళు లేని బాధ ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చింది? పక్కన కూర్చొని ఈరన్న బావ చెప్పి రాయించి ఉంటాడు. పెళ్ళిలో సైకిలు పెట్టలేదన్న కోపం ఆయనకు ఇంకా పోలేదు.

నా వైపు ఒకసారి చూడు. అప్పటికి ఇరవై ఏడేళ్ళవాణ్ణి. నాయన మగ్గం వదిలి వచ్చానని మన వాళ్ళెవరూ నాతో సరిగా మాట్లాడేవాళ్ళు కాదు. ఫీజు కట్టినవాళ్ళను చెడిపోయిన మిషను మీద కూర్చోబెడితే మరుసటి నెల ఇన్‌స్టిట్యూట్ ఉండేదా? నిన్ను అసలు తీసుకురాకుండా ఉండవలసింది. తెచ్చినందుకు ఈ మాట.

తొంభై మూడు పేజీల సంగతి. నేను చెప్పగా నువ్వు రాసుకున్నావనే నాకు గుర్తు. సరే, ఆ తగాదా వద్దు. ‘నా చెల్లెలి సహకారంతో’ అని చేరుస్తాను. పరీక్ష గురించిన వాక్యం ఇలా మార్చాను: ‘కొన్ని సాంకేతిక కారణాల వల్ల ఆమె 1974లో ఉత్తీర్ణురాలు కాలేకపోయింది.’ ఇంతకంటే మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

నోటుబుక్కు ఈ వారంలో అందాలి.

శంకరన్న


ఎమ్మిగనూరు,
22 జూలై 2024

అన్నకు,

మీ బావ ఏమీ చెప్పి రాయించలేదు. సైకిలు సంగతి చదివితే పడీ పడీ నవ్వినాడు. “నాకు సైకిలు తొక్కడమే రాదు గదమ్మీ” అన్నాడు. తర్వాత “ఈ సాంకేతిక కారణాలు అనేటాయప్ప ఎవరు? మన పెండ్లికి వచ్చినట్టు లేదే” అని అడిగినాడు. నాకూ తెలియదు. ఆ రోజు ఆ గదిలో నీవు, నేను, నాలుగు మిషన్లు ఉన్నాము. ఆయప్ప లేడు.

సహకారం అన్నావు. ఆ మాట ముగ్గు చుక్కలు చూపించిన పక్కింటామెకు పెట్టు. నాకు వద్దు.

యాభై ఏండ్లు లేని బాధ యాడనుంచి వచ్చింది అన్నావు గదా. ఉన్నింది. నీకు కనబడేచోట లేదు. నోటుబుక్కు వెనకనుంచి తిప్పితే ఇంకొక లెక్క ఉండాది, అది నీవు చూడలేదు. పెండ్లయిన కొత్తలో మగ్గం మీద కుడిచేత్తో తాడు లాగితే పోగు మోసుకొని నాడె అటు పోతా ఇటు వస్తా ఉంటే, నాకు ఒకరోజు తోచింది. లూమ్. అది పూర్తిగా కుడిచేతి మాట. నీవు నాకు నేర్పని చేయి. ఆ రోజునుంచి కుడిచేతి పదకొండు అక్షరాలతోనే వచ్చే మాటలు వెతికినాను. పుల్. మిల్. ఆనియన్. నైలాన్. ఒపీనియన్. తాడు లాగే ఒక్కో లాగుకు ఒక్కో అక్షరం మనసులో కొట్టుకుంటా నేసేదాన్ని. వేలు యాడ పడాల్నో అట్ల నేర్చుకున్నాను, మిషను లేకుండా.

కుడిచేతికి మాటలు తక్కువ, పొట్టివి. మీ బావ సంతలో చిత్తు కాగితాల అంగట్లో ఒక డిక్షనరీ కొనిచ్చినాడు. దానికి ముందర పేజీలు లేవు, ‘ఐ’ అక్షరం కాడ మొదలవుతాది. అందులో లాలీపాప్, మోనోపలీ దొరికినాయి. అన్నిటికంటే పొడుగుది పాలిఫొనీ, తొమ్మిది అక్షరాలు. దాన్ని దాటలేకపోయినాను.

నేను అడిగింది ఒక్క వాక్యం. అది నీ చేత్తో రాయి. రాయకపోతే నోటుబుక్కు నా పెట్టెలోనే ఉంటాది, సాయినాథ్ వేరే పుస్తకం ఏదైనా వేసుకుంటాడు. బెదిరించడం లేదు. ఉన్న మాట చెప్తాండాను.

నీ చెవులకు కర్నూలులో చూపించుకో. వయసు అనుకొని ఊరికే ఉండొద్దు.

వెంకటేశ్వరమ్మ


ఆదోని,
20 ఆగస్టు 2024

వెంకటేశ్వరమ్మకు,

నెల రోజులు జవాబు రాయలేదు. మొదటి వారం కోపంతో రాయలేదు. తర్వాతి వారాల్లో కోపం లేదు, రాయడానికి ధైర్యం లేదు.

ఈ నెలలో ఒక పని చేశాను. సాయినాథ్ ప్రెస్సులో ఒక మూల పాత టైపు మిషను ఉంది. దాని ముందు కూర్చొని, నేను నేర్పిన మొదటి పాఠం కొట్టబోయాను. కొట్టేముందు ఎందుకో కుడిచేయి ఒళ్ళో పెట్టుకొని, ఎడమచేత్తో మాత్రమే ఒక ఉత్తరం కొట్టాలని చూశాను. నా పేరే రాలేదు. మొదటి అక్షరం వచ్చింది, రెండోది కుడిచేతిది. సాయినాథ్ వచ్చి “చేయి నొప్పా సార్” అన్నాడు. నేనూ అవునన్నాను.

నీకు తెలియనిది ఒకటి ఉంది. నువ్వు అడిగిన వాక్యం ఒక్కటే రాస్తే అది మరో అబద్ధమవుతుంది, అందుకని చెబుతున్నాను. పరీక్షకు నెల ముందు గుంతకల్లు నుంచి మెకానిక్ బసన్న వచ్చాడు. నువ్వు ఆ పూట ఊరికి వెళ్ళావు. “ఒక్క మిషనుకే టైముందన్నా. రెండోదాని క్యారేజీ కీచుమంటాంది, అది చూడాల్నా, నాలుగోదాని కుడిపక్క లేపాల్నా? రెండూ అయ్యే పనులే” అన్నాడు. రెండో నంబరు మీద కూర్చునే లక్ష్మీదేవి ప్లీడరు గారి అమ్మాయి. కీచు శబ్దం గురించి ఆ వారంలో రెండుసార్లు ఫిర్యాదు చేసింది. నేను రెండోది చూపించాను. నువ్వు తిరిగి వచ్చి అడిగితే, నాలుగోది ఇక బాగుపడదని మెకానిక్ చెప్పాడన్నాను. నువ్వు నమ్మావు. కొన్నాళ్ళకు నేనూ నమ్మాను. యాభై ఏళ్ళు నేను అలా నమ్మడాన్నే నువ్వు మరిచిపోవడం అన్నావు.

ముందుమాట చించేశాను. లెక్చరరు, లైబ్రేరియన్ ఇద్దరూ అందులోనే పోయారు. కొత్తది ఇంతే:

‘1973లో నా చెల్లెలు వెంకటేశ్వరమ్మను, ఫీజు కట్టని పిల్ల కాబట్టి, కుడివైపు కీలు పనిచేయని నాలుగో నంబరు మిషను దగ్గర ఏడాదిపాటు కూర్చోబెట్టాను. దాన్ని బాగుచేయించే అవకాశం వచ్చినప్పుడు ఫీజు కట్టే అమ్మాయి మిషను బాగుచేయించి, చెల్లెలికి అబద్ధం చెప్పాను. ఆమె పరీక్ష తప్పింది. ఆ సగం మిషను మీద కూర్చొని ఈ మాటలు వెతికింది ఆమె. టిక్కు పెట్టింది నేను.’

ఇది చదివి నోటుబుక్కు ఇవ్వబుద్ధి కాకపోతే ఇవ్వవద్దు. సాయినాథ్‌కు నేను చెప్పుకుంటాను.

నీ డిక్షనరీ ‘ఐ’ దగ్గర మొదలవుతుందని రాశావు. అయితే దానికి ముందున్న ‘హెచ్’ మాటలు నీకు దొరికి ఉండవు. తొమ్మిది రోజులు భూతద్దం పట్టుకొని నా డిక్షనరీలో ఆ పేజీలన్నీ చూశాను. ఒకటి దొరికింది. హైపోలిమ్నియన్. పదకొండు అక్షరాలు, అన్నీ కుడిచేతివే. లోతైన చెరువుల్లో ఎండ తగలని అడుగు నీటిని అలా అంటారట. 1973లో వెతికి ఉండవలసింది.

శంకరన్న


ఎమ్మిగనూరు,
29 ఆగస్టు 2024

అన్నకు,

బసన్న సంగతి నాకు తెలియదు. చదివినాక మూడు రోజులు నీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను. మీ బావతో కూడా చెప్పలేదు. నాలుగో రోజు ఆయనే, “ఏందమ్మీ, పోగులు తెగుతాండాయి నీ చేతిలో” అని అడిగితే చెప్పినాను. తెగిన పోగు ఆయనే ముడి వేసినాడు. తర్వాత “చెప్పకుంటే నీకు తెలిసేది కాదు గదా. చెప్పినాడు” అన్నాడు. అంతే అన్నాడు.

క్షమించినాను అని రాయను. ఆ మాట రాయడానికి నాకు ఇంకా చేయి రాలేదు. ముందుమాటలో ఒక్క అక్షరం మార్చొద్దు. నాలుగో మిషను బాగుచేయించని మాట కూడా అట్లే అచ్చుకావాల. పుస్తకం మీద పేరు నాది. వెనకనుంచి నా కుడిచేతి పేజీలు కూడా రావాల.

నోటుబుక్కు పోస్టులో వేయను, అదొక్కటే ప్రతి. వచ్చే సోమవారం పది గంటల బస్సుకు నేనే తెస్తాను. నీకు హారను వినబడదు, కాబట్టి బస్టాండులో రోడ్డుకు ఎదురుగా నిలబడు. తెచ్చి సాయినాథ్ చేతికి ఇస్తాను, నీ చేతికి కాదు.

నీవు పంపిన మాట నా కాడ లేదు. మూడుసార్లు వేళ్ళతో కొట్టి చూసినాను, ఒక్క అక్షరం కూడా ఎడమకు పోలేదు. పాలిఫొనీ కింద రాసుకున్నాను. వెతికినవాళ్ళు ఎవరో తెలియాల కాబట్టి పక్కనే ‘శంకరన్న, ఆదోని’ అని పెట్టినాను. నూటికి పైన పేజీల్లో నీ పేరు ఉండేది ఆ ఒక్క మాట పక్కనే. దాన్ని అట్లే అచ్చు వేయమని చెప్తాను.

వెంకటేశ్వరమ్మ